సొంత ఇంటి చెర: నిజ ఘటనల టీవీ చిత్రాలను చూసే పద్ధతి

తండ్రి కూతురిని, తల్లిదండ్రులు కన్నబిడ్డలను ఏళ్ల తరబడి సొంత ఇంట్లోనే బంధించి ఉంచిన నిజ ఘటనల మీద తీసిన టీవీ చిత్రాలు, సీరీస్‌లు ఇప్పుడు ఓటీటీల ద్వారా తెలుగు ఇళ్లలోకి సులువుగా వస్తున్నాయి. చూసినవారికి చివరకు రెండు ప్రశ్నలు మిగులుతాయి. ఇందులో నిజమెంత? ఇంతకాలం ఎవరికీ ఎలా తెలియలేదు? మొదటి ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతి కొంత ఓపిక ఉంటే ఎవరికైనా పట్టుబడుతుంది. రెండో ప్రశ్నకు జవాబు చెప్పవలసినది చిత్రమే గాని, చాలా చిత్రాలు ప్రేక్షకుణ్ణి చీకటి గదిలోకి తీసుకుపోయి అక్కడే వదిలేస్తాయి. ఈ కోవ చిత్రాల విలువను నేను ఆ రెండో ప్రశ్నతోనే కొలుస్తాను: బందీ గది బయట, పట్టపగలు, ఏ ఉత్తరాలు, ఏ సంతకాలు, ఎవరి నమ్మకాలు ఆ తాళానికి కాపలా కాశాయో చిత్రం చూపించిందా, లేదా? కింద చెప్పిన పద్ధతి అంతా ఆ కొలతకు పనికివచ్చేలా కూర్చినదే.

ఉదాహరణలకు రెండు ఉదంతాలను తీసుకుంటున్నాను. ఒకటి ఆస్ట్రియాలో వియన్నాకు పడమరగా ఉన్న ఆమ్‌స్టెటెన్ అనే పట్టణంలో 2008లో బయటపడినది. రెండోది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, రివర్‌సైడ్ కౌంటీలోని పెరిస్ అనే ఊళ్లో 2018లో బయటపడినది. రెండింటినీ ఊరి పేర్లతోనే ప్రస్తావిస్తాను. అపరిచితుడు ఎత్తుకుపోయిన కేసులో నేరస్థుడి పేరు చెప్పినా బాధితురాలి పేరు చాటునే ఉంటుంది. కుటుంబ నిర్బంధంలో నేరస్థుడి ఇంటిపేరే బాధితుల ఇంటిపేరు కూడా. ఈ ఒక్క తేడాను గుర్తుంచుకున్నా ఇలాంటి చిత్రాల గురించి మాట్లాడే తీరు చాలా మారుతుంది.

చూడబోయే ముందు

చిత్రం మొదట్లో వచ్చే వాక్యాన్ని ఆపి చదవండి. నిజ కథ ఆధారంగా తీశామని చెప్పడం వేరు, నిజ ఘటనల స్ఫూర్తితో తీశామని చెప్పడం వేరు. మొదటి మాట వాడినప్పుడు సాధారణంగా ఒక నిర్దిష్టమైన కేసు, దాని తాలూకు రికార్డు లేదా బాధితుల అనుమతి వెనుక ఉంటాయి; రెండో మాట వాడినవారు ఘటనలోని బీజాన్ని మాత్రమే తీసుకుని మిగిలినదంతా అల్లుకునే స్వేచ్ఛ తమకు ఉంచుకుంటారు. అయితే ఈ రెండు మాటలకూ చట్టంలో కొలత ఏమీ లేదు కాబట్టి, చివర్లో పేర్లు పడుతున్నప్పుడు వచ్చే ప్రకటనను కూడా చదవాలి. ఏ పాత్రలు కల్పితాలో, ఏ సంఘటనలను మార్చారో ఒప్పుకునేది అక్కడే. ఓటీటీల్లో ఆ అక్షరాలు పూర్తికాకముందే తరువాతి చిత్రం మొదలైపోతుంది కనుక, ఆటోప్లే సౌకర్యాన్ని ముందే ఆపివేసుకోవడం మంచిది.

ఆ తరువాత కథ ఏ దేశంలో జరుగుతున్నట్టు చూపించారో గమనించండి. ఆమ్‌స్టెటెన్ కేసు స్ఫూర్తితో అమెరికాలోని లైఫ్‌టైమ్ చానల్ 2021 ఫిబ్రవరిలో ‘గర్ల్ ఇన్ ది బేస్‌మెంట్’ అనే టీవీ చిత్రాన్ని ప్రసారం చేసింది. దర్శకురాలు ఎలిజబెత్ రోమ్. తండ్రి పాత్రను జడ్ నెల్సన్, కూతురి పాత్రను స్టెఫనీ స్కాట్ పోషించారు. పేర్లన్నీ మార్చి, కథను అమెరికాలోని ఒక మధ్యతరగతి ఇంటికి తరలించారు. పేర్లు మార్చడం సరైన పనే. ఊరు మార్చడం వల్ల మాత్రం ఒక నష్టం జరుగుతుంది: ఆ ఊరితో పాటు అక్కడి చట్టాలు, అక్కడి ఆఫీసులు కూడా కథలోంచి జారిపోతాయి. అసలు కేసులోని తండ్రికి 1967లో లింజ్ నగరంలో జరిగిన అత్యాచారం కేసులో జైలుశిక్ష పడింది; కానీ నిర్ణీత కాలం గడిచాక పాత శిక్షలను రికార్డుల నుంచి తొలగించే ఆస్ట్రియా చట్టం కారణంగా, తరువాతి దశాబ్దాల్లో పిల్లల సంక్షేమ అధికారులు అతని గురించి విచారించినప్పుడు కాగితాల మీద ఏ మచ్చా కనిపించలేదు. కథ అమెరికాకు వెళ్లిన క్షణంలో ఈ కీలకమైన కారణానికి చోటు లేకుండా పోతుంది. అప్పుడు తండ్రి క్రూరత్వం తప్ప వివరణగా మరేమీ మిగలదు. క్రూరత్వం నిజమే, కానీ 24 ఏళ్ల నిర్బంధానికి అదొక్కటే సరిపోదు.

తేదీల పట్టీ రాసుకోవడం

ఇది ఒక కాగితం, అరగంట సమయం కోరే పని. చిత్రం చూడకముందు రాసుకుంటే ఉత్కంఠ పోతుందనుకునేవారు చూసిన మర్నాడు రాసుకోవచ్చు. ఆమ్‌స్టెటెన్ విషయంలో ఆ పట్టీ దాదాపు ఇలా ఉంటుంది. 1984 ఆగస్టు చివర్లో 18 ఏళ్ల కూతురిని తండ్రి నేలమాళిగలోకి రప్పించి బంధించాడు. ఆమె ఇల్లు వదిలి పోయిందని కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేసింది. దాదాపు నెల రోజులకు, తనను వెతకవద్దని ఆమె చేతివ్రాతతో ఒక ఉత్తరం వచ్చింది. తండ్రి అత్యాచారాల ఫలితంగా నేలమాళిగలో ఆమెకు ఏడుగురు పిల్లలు పుట్టారు. 1993, 1994, 1997 సంవత్సరాల్లో ముగ్గురు పిల్లలు ఒకరి తరువాత ఒకరు పై అంతస్తులోని కుటుంబంలోకి చేరారు. 1996లో పుట్టిన కవలల్లో ఒక శిశువు వైద్యం అందక చనిపోయింది. మిగిలిన ముగ్గురు కిందనే పెరిగారు. 2008 ఏప్రిల్‌లో, 19 ఏళ్ల పెద్ద బిడ్డ తీవ్రంగా జబ్బుపడి ఆసుపత్రికి చేరడంతో, రోగి తల్లి వచ్చి వివరాలు చెప్పాలని వైద్యులు బహిరంగంగా కోరారు. ఏప్రిల్ 26న తండ్రి అరెస్టయ్యాడు. 2009 మార్చి 16 నుంచి 19 వరకు సాంక్ట్ పోల్టెన్ నగరంలో విచారణ జరిగి యావజ్జీవ శిక్ష పడింది.

ఈ పట్టీ పక్కన చిత్రం నిడివిని పెట్టి చూడండి. గంటన్నర చిత్రంలో 24 ఏళ్లను పంచితే ఏడాదికి నాలుగు నిమిషాలు కూడా దక్కవు. అందుచేత కాలాన్ని కుదించడాన్ని తప్పుపట్టకండి. ఏ కాలాన్ని వదిలేశారో మాత్రం గుర్తించండి. దాదాపు ప్రతి చిత్రమూ మొదటి కొన్ని రోజులకూ చివరి కొన్ని రోజులకూ ఎక్కువ నిమిషాలు ఇస్తుంది, ఎందుకంటే పెనుగులాట అక్కడే ఉంటుంది, విడుదల అక్కడే ఉంటుంది. మధ్యలోని సంవత్సరాలు ఒక పాట మీదుగానో, గోడ మీద గీసిన గీతల మీదుగానో, పిల్లల ఎత్తు పెరగడం మీదుగానో గడిచిపోతాయి. అసలు కేసులో నిర్బంధం ఒక ఇంటి దినచర్యగా స్థిరపడింది ఆ మధ్యకాలంలోనే. సరుకులు కొనడం, చెత్త బయటికి పోవడం, కరెంటు బిల్లు కట్టడం, పై అంతస్తులో ఉన్న అద్దెవారు మారడం వంటి పనుల మధ్య ఒక నేరం ఎలా ఇమిడిపోయిందో చూపించడానికి ఏ దర్శకుడైనా పది నిమిషాలు కేటాయిస్తే, ఆ చిత్రాన్ని నేను వెంటనే ఒక మెట్టు పైన నిలబెడతాను.

తేదీలు ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది కూడా ముఖ్యమే. తీర్పు, దాని గురించి కోర్టు చెప్పిన మాటలు అన్నిటికన్నా నమ్మదగినవి. తరువాత పోలీసుల అధికారిక ప్రకటనలు. ఆ తరువాత విచారణ రోజుల్లోని పత్రికా కథనాలు. కేసు బయటపడిన మొదటి వారంలో వచ్చిన వార్తలను అన్నిటికన్నా చివర ఉంచాలి, ఎందుకంటే గదుల సంఖ్య నుంచి పిల్లల వయసుల దాకా అప్పట్లో రోజుకొక మాట వస్తుంది. పెరిస్ కేసులో తల్లిదండ్రులు 2019 ఫిబ్రవరిలో 14 అభియోగాలకు నేరం ఒప్పుకున్నారు కనుక పూర్తిస్థాయి విచారణ జరగనే లేదు. అలాంటి చోట 2018 జూన్‌లో జరిగిన ప్రాథమిక విచారణ, 2019 ఏప్రిల్ 19న శిక్ష ప్రకటించిన రోజున పిల్లలు కోర్టుకు వినిపించిన మాటలు ఆధారమవుతాయి. ఆ రోజు ఇద్దరికీ పడిన శిక్ష 25 ఏళ్ల నుంచి యావజ్జీవం, అంటే కనీసం 25 ఏళ్లు, గరిష్ఠంగా జీవితాంతం.

సంభాషణల్లో ఏది విన్నది, ఏది అల్లినది

ఆమ్‌స్టెటెన్ బాధితురాలు తన కథను ఏ పత్రికకూ ఏ చానల్‌కూ చెప్పలేదు. ఆమె వాంగ్మూలాన్ని ముందే వీడియోగా రికార్డు చేశారు. సుమారు 11 గంటల నిడివి ఉన్న ఆ వీడియోను విలేకరులను బయటికి పంపి జ్యూరీకి మాత్రమే చూపించారు. కాబట్టి ఆ నేలమాళిగలో తల్లీ పిల్లలూ మాట్లాడుకున్నట్టు ఏ చిత్రంలో ఏ మాట వినిపించినా అది రచయిత ఊహే. ఊహ కావడం నేరమేమీ కాదు. అయితే ఆ మాటలు విని, ఆమె అలా అన్నదట, ఆ బిడ్డ ఇలా అడిగిందట అంటూ నిజంగా జరిగినట్టు మనం మరొకరికి చెప్పడం మాత్రం మానుకోవాలి.

దీనికి భిన్నమైనవి బాధితులు స్వయంగా నోరు విప్పిన కేసులు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ముగ్గురు యువతులను బంధువు కాని ఒక వ్యక్తి సుమారు పదేళ్లు బంధించిన ఘటన మీద 2015లో లైఫ్‌టైమ్ చానల్ తీసిన చిత్రానికి, బయటపడినవారిలో ఒకరు రాసిన ఆత్మకథ ఆధారం. అది కుటుంబ నిర్బంధం కాదు గాని, పోల్చి చూడడానికి పనికివస్తుంది: అందులో భయం ఎవరి కళ్లతో చూసినదో, ఏ వివరం చెప్పాలో ఏది దాచాలో ఎవరు నిర్ణయించారో మనకు తెలుస్తుంది. పెరిస్ కేసులో 2021 నవంబర్‌లో ఏబీసీ చానల్ కోసం డయాన్ సాయర్ చేసిన ప్రత్యేక కార్యక్రమంలో ఇద్దరు అక్కచెల్లెళ్లు తమ ఇష్టంతో మాట్లాడారు. సహాయం కోసం చేసిన ఫోన్ కాల్ ధ్వనిని, పోలీసు అధికారి దుస్తులకు అమర్చిన కెమెరా దృశ్యాలను కూడా అందులో చూపించారు. ఒక కేసు మీద ఇలాంటి డాక్యుమెంటరీ, నటులతో తీసిన చిత్రం రెండూ దొరికితే, నా సలహా డాక్యుమెంటరీని ముందు చూడమని. నటుల ముఖాలు ఒకసారి మనసులో నిలిచిపోతే అసలు గొంతు వినిపించినా అది అనుకరణలా తోస్తుంది.

తలుపు బయటి కాగితాలు

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన భాగానికి వద్దాం. చిత్రం చూస్తూ, నేలమాళిగ సన్నివేశాల పక్కన కాకుండా, పై అంతస్తులోని సన్నివేశాల పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ పొండి. ప్రతి సన్నివేశంలో ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారు, ఎవరు ఏ మాటను పరీక్షించకుండా నమ్మారు, ఏ అధికారి ఇంటికి వచ్చి ఏ గదుల దాకా చూసి వెళ్లారు అన్న మూడు ప్రశ్నలు చాలు.

ఆమ్‌స్టెటెన్‌లో తండ్రి కట్టిన కథ ఒక మతశాఖ చుట్టూ తిరిగింది. కూతురు ఇంటి నుంచి పారిపోయి ఏదో శాఖలో చేరిందని అతను చెప్పాడు. ఆమెతో బలవంతంగా ఉత్తరాలు రాయించి ఆ కథకు రుజువులు పుట్టించాడు. తరువాత ఇంటి గుమ్మం ముందు పసిబిడ్డ కనిపించినప్పుడు, ఈ బిడ్డను నేను పెంచలేను, మీరే పెంచండి అంటూ కూతురి చేతివ్రాతతోనే ఉత్తరం ఉంది. ఇలా ముగ్గురు పిల్లలు వచ్చారు. అధికారులు ఒక బిడ్డ దత్తతకూ ఇద్దరి పెంపకానికీ అనుమతి ఇచ్చారు. సంక్షేమ సిబ్బంది పలుమార్లు ఆ ఇంటికి వచ్చి పిల్లలు బడికి పోతున్నారని, శుభ్రంగా ఉన్నారని చూసి వెళ్లారు. వారు చూసినది అబద్ధం కాదు. పై అంతస్తు పిల్లలు నిజంగానే బడికి పోయారు. వారి తోబుట్టువులు అదే ఇంటి కింద, 1.7 మీటర్లకు మించని ఎత్తున్న పైకప్పు కింద, సూర్యుణ్ణి చూడకుండా పెరిగారు. ఒకే తల్లి పిల్లలను ఇలా రెండు అంతస్తులకు పంచిన ఏర్పాటులోనే ఈ కేసు రహస్యమంతా ఉంది: పై అంతస్తు కింది అంతస్తుకు సాక్ష్యంగా కాక, ముసుగుగా పనిచేసింది.

చిత్రంలో ఈ ఏర్పాటును ఎంతసేపు చూపించారో గమనించండి. గుమ్మం ముందు బిడ్డను పెట్టే సన్నివేశం ఉంటుంది, ఎందుకంటే అది గుండెను పిండుతుంది. ఆ బిడ్డ కోసం దరఖాస్తు నింపే సన్నివేశం, ఆఫీసులో గుమాస్తా దాని మీద ముద్ర వేసే సన్నివేశం చాలా అరుదు. వాటిని తీసిన దర్శకులకు ప్రేక్షకుల మీద నమ్మకం ఎక్కువని నాకనిపిస్తుంది.

పెరిస్ ఉదంతంలో కాగితం ఇంకా సులువైనది. 2 ఏళ్ల నుంచి 29 ఏళ్ల దాకా వయసున్న 13 మంది పిల్లలను ఆ దంపతులు ఇంట్లోనే ఉంచారు. వారు బడికి ఎందుకు రావడం లేదని ఎవరూ అడగలేదు, ఎందుకంటే తండ్రి తన ఇంటినే ఒక ప్రైవేటు పాఠశాలగా రాష్ట్ర విద్యాశాఖ వద్ద నమోదు చేసి, తానే ప్రిన్సిపాల్‌నని రాసుకున్నాడు. కాలిఫోర్నియాలో అలాంటి పాఠశాల ఏటా ఒక పత్రం దాఖలు చేస్తే సరిపోతుంది. విద్యాశాఖ తరఫున ఎవరూ వచ్చి తనిఖీ చేయవలసిన నియమం లేదు. మరోపక్క ఆ కుటుంబం డిస్నీలాండ్‌లో ఒకే రకం దుస్తులు వేసుకుని నవ్వుతూ దిగిన ఫొటోలు సామాజిక మాధ్యమంలో ఉన్నాయి. 2018 జనవరిలో పోలీసులు లోపలికి వెళ్లినప్పుడు కొందరు గొలుసులతో మంచాలకు కట్టేసి ఉన్నారు. అందరూ చిన్నపిల్లలే అనుకున్న పోలీసులకు వారిలో ఏడుగురు పెద్దవారని తరువాత తెలిసింది, తిండి లేక అంతగా శుష్కించిపోయారు. 29 ఏళ్ల పెద్ద కూతురి బరువు సుమారు 37 కిలోలు. ఈ కేసు మీద వచ్చే ఏ చిత్రమైనా గొలుసులను తప్పకుండా చూపిస్తుంది. ఏటా దాఖలైన ఆ పాఠశాల పత్రాన్ని చూపిస్తే మాత్రమే అది ఈ కేసును అర్థం చేసుకున్నట్టు.

ఇరుగుపొరుగు విషయంలో కొంత జాగ్రత్త అవసరం. మన ఊళ్లలోలాగా పక్కింటి వంటగది పోపు వాసన మనకు తెలిసిపోయే వాతావరణం అన్ని చోట్లా ఉండదు. ఒకరి ఇంటి విషయం మరొకరు అడగకపోవడమే మర్యాదగా నడిచే వీధుల్లో జరిగిన కథను మన వీధి కొలతలతో కొలిస్తే, ప్రతి పొరుగువాడూ నేరంలో భాగస్వామిలా కనిపిస్తాడు. చిత్రం పొరుగువారిని వెర్రిబాగులవారిగా చిత్రిస్తే దర్శకుడు తేలిక దారి పట్టాడని అనుకోవచ్చు.

తల్లి పాత్ర

ఆమ్‌స్టెటెన్ లాంటి కథ చూసిన ప్రతి ఇంట్లో, ముఖ్యంగా ఆడవారి మధ్య, వెంటనే వచ్చే మాట ఒకటే: కన్నతల్లికి తెలియకుండా ఉంటుందా? ఈ ప్రశ్నను చిత్రాలు బాగా వాడుకుంటాయి; తల్లి ఒక శబ్దం విని ఆగిపోవడం, భర్త ముఖం చూసి నోరు మూసుకోవడం వంటివి చూపించి ఆమెను సగం దోషిగా నిలబెడతాయి. అసలు కేసులో ఆ భార్య మీద ఎవరూ అభియోగం మోపలేదు. నేలమాళిగకు దారితీసే తలుపు ఆయన పనిగదిలో ఒక అర వెనుక, రహస్య సంఖ్యతో తెరుచుకునే ఏర్పాటుతో ఉండేది, అక్కడికి ఇంట్లో మరెవరికీ ప్రవేశం లేదు. పెరిస్‌లో తల్లి సైతం నేరం ఒప్పుకుని శిక్ష అనుభవిస్తోంది. ఇద్దరు తల్లులకూ మధ్య ఇంత దూరం ఉంది. చిత్రంలోని తల్లిని చూసి అసలు తల్లి మీద తీర్పు చెప్పే ముందు, కోర్టు ఆమె గురించి ఏమన్నదో, ఏమీ అనలేదో చూడడం కనీస న్యాయం.

పారిపోవచ్చుగా అనే ప్రశ్న

ఇది తల్లి గురించిన ప్రశ్నకన్నా క్రూరమైనది, ఎందుకంటే దీన్ని బాధితులనే ఉద్దేశించి అడుగుతాం. మంచి చిత్రం దీనికి సన్నివేశాలతోనే జవాబు చెబుతుంది. నేలమాళిగ నుంచి తప్పించుకోవడానికి ప్రయత్నిస్తే లోపలికి విషవాయువు వదులుతానని ఆ తండ్రి బెదిరించాడు. అది ఉత్త బెదిరింపో నిజమో తేల్చుకోవాలంటే పిల్లల ప్రాణాలు పణంగా పెట్టాలి. పెరిస్‌లో 17 ఏళ్ల అమ్మాయి కిటికీ గుండా బయటపడడానికి రెండేళ్లు ఆలోచించింది; కనెక్షన్ లేని పాత ఫోన్ నుంచి అత్యవసర సంఖ్య 911కు కాల్ చేసింది. తాను ఎక్కువగా బయటికి వచ్చినదాన్ని కాదని, వీధుల గురించి తనకేమీ తెలియదని ఆ కాల్‌లో చెప్పింది. చిత్రం చూస్తున్నప్పుడు ఈ ప్రశ్న మీ మనసులో లేచిన ప్రతిసారీ, బందీకి ఆ క్షణంలో బయటి ప్రపంచం గురించి ఏమి తెలుసో, ఏమి తెలియనివ్వకుండా చేశారో చిత్రం చెప్పిందా అని వెనక్కి తిప్పి చూసుకోండి. తాళాన్ని మాత్రమే చూపించి, ఆ తెలియనితనాన్ని చూపించని చిత్రం తన పనిని సగంలోనే వదిలేసింది.

కెమెరా ఎక్కడ నిలబడింది

హింసా సన్నివేశంలో కెమెరా బాధితురాలి పక్కన ఉందా, బంధించినవాడి భుజం మీదుగా చూస్తోందా గమనించండి. రెండోది తరచుగా కనిపిస్తే చిత్రం భయాన్ని కాక కుతూహలాన్ని అమ్ముతోందని అర్థం. నేపథ్య సంగీతాన్ని ఒకటి రెండు నిమిషాలు ఆపి చూడడం కూడా పనికివచ్చే పరీక్షే. శబ్దం లేకుండా ఆ సన్నివేశంలో ఏమీ మిగలకపోతే, ఉన్నదంతా సంగీతమేనన్నమాట. టీవీ మోయలేనివి కూడా కొన్ని ఉంటాయి. సాంక్ట్ పోల్టెన్ కోర్టులో ప్రాసిక్యూటర్ ఆ నేలమాళిగలోని వస్తువులను ఒక పెట్టెలో తెచ్చి, ఆ తేమ, బూజు వాసన పీల్చి చూడమని జ్యూరీ సభ్యులకు ఇచ్చారు. ఎన్ని చీకటి దృశ్యాలు తీసినా ఆ పెట్టె చేసిన పని చేయలేవు.

ఇంట్లో పిల్లలుంటే వయసు సూచనను పట్టించుకోండి. మన దేశంలో 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం ఓటీటీలు ప్రతి చిత్రానికి యు, యు/ఏ 7+, 13+, 16+, ఏ అనే వర్గాల్లో ఒకటి చూపించాలి, ఎందువల్ల ఆ వర్గం ఇచ్చారో రాయాలి, 13+ నుంచి పై వర్గాలకు తల్లిదండ్రులు తాళం వేసుకునే సౌకర్యం ఇవ్వాలి. ఈ కోవ చిత్రాల్లో తండ్రే భయకారకుడు కనుక, దయ్యాల సినిమాకు భయపడని పిల్లవాడు సైతం దీనికి వేరే రకంగా కలత చెందవచ్చు. బాల్యంలో హింస అనుభవించిన పెద్దవారు ఇంట్లో ఉంటే వారిని అడగకుండా ఇది పెట్టకూడదు.

విడుదల తరువాత

చాలా చిత్రాలు తలుపు తెరుచుకున్న కొద్ది నిమిషాలకే ముగుస్తాయి, తెర మీద నాలుగు వాక్యాలు రాసి సెలవు తీసుకుంటాయి. ఆ నాలుగు వాక్యాలను తేదీల పట్టీతో సరిచూడండి. శిక్ష వివరాలు సాధారణంగా సరిగ్గానే ఉంటాయి, బాధితుల తరువాతి జీవితం గురించి రాసినవే సందేహించదగినవి. ఆమ్‌స్టెటెన్ కుటుంబాన్ని మొదట దగ్గరలోని ఒక చికిత్సాలయంలో ఉంచారు. పై అంతస్తు పిల్లలకూ కింది అంతస్తు పిల్లలకూ అక్కడ ఒకరినొకరు పరిచయం చేయవలసి వచ్చింది, వెలుతురుకు కళ్లను అలవాటు చేయవలసి వచ్చింది. ఆ తరువాత వారికి కొత్త గుర్తింపులు ఇచ్చారు. పెరిస్ పిల్లల కథ ఇంకా బాధాకరంగా నడిచింది. వారి కోసం ప్రజలు పంపిన డబ్బు సకాలంలో అందలేదని, కొందరిని పెంచడానికి ఇచ్చిన కుటుంబంలోనే మళ్లీ హింస జరిగిందని ఆరోపణలు వచ్చాయి. కౌంటీ కోరిక మీద జరిగిన స్వతంత్ర విచారణ నివేదిక 2022 జూలైలో వచ్చి, సంక్షేమ వ్యవస్థ ఆ పిల్లల్లో కొందరి విషయంలో విఫలమైందని తేల్చింది. విడుదలతో ముగిసే చిత్రం ఈ రెండో అధ్యాయాన్ని మన కళ్లకు కనపడకుండా చేస్తుంది.

నిజ ఘటన కాకపోయినా ఈ లోటును తీర్చిన ఉదాహరణగా బీబీసీ త్రీ 2016లో ప్రసారం చేసిన ‘థర్టీన్’ అనే ఐదు భాగాల సీరీస్‌ను చెప్పవచ్చు. అందులో జోడీ కోమర్ పోషించిన యువతి మొదటి దృశ్యంలోనే నేలమాళిగ నుంచి బయటపడుతుంది. కథంతా 13 ఏళ్ల తరువాత ఇంటికి వచ్చిన కూతురిని ఇల్లు, పోలీసులు, పాత స్నేహితులు ఎలా చూశారన్నదే. నిజ కేసుల మీద చిత్రాలు చూసే అలవాటున్నవారు దీన్ని ఒకసారి చూస్తే, మిగిలినవాటిలో ఏమి లోపించిందో తేలికగా పట్టుకోగలరు.

చూసినదాని గురించి రాసేటప్పుడు

తెలుగులో ఇలాంటి చిత్రాల కథలను వివరించే వీడియోలకు, పోస్టులకు ఇప్పుడు కొదవ లేదు. వాటిలో నటుల ఫొటో పక్కన అసలు బాధితురాలి చిన్ననాటి ఫొటో పెట్టడం ఒక అలవాటుగా మారింది. విదేశీ కేసు కదా, మన చట్టం వర్తించదు కదా అనే సమాధానం వినిపిస్తుంది. కానీ కొత్త పేరుతో బతకడానికి ఒక దేశం ఏర్పాట్లు చేసిన మనిషి పాత ముఖాన్ని మనం మళ్లీ మళ్లీ ప్రచారం చేయడం ఆ ఏర్పాట్లను కూలదోయడమే. మన దేశంలోని కేసుల విషయంలో అయితే చట్టం స్పష్టంగా ఉంది: లైంగిక నేర బాధితుల గుర్తింపును బయటపెట్టడం భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షన్ కింద నేరం, ఇంతకుముందు ఇదే నియమం ఐపీసీ 228ఏ సెక్షన్‌గా ఉండేది. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ కూడా ఉంది. పేరు రాయకపోయినా గుర్తుపట్టే వివరాలు ఇవ్వడం సైతం తప్పేనని సుప్రీంకోర్టు 2018లో నిపుణ్ సక్సేనా కేసులో చెప్పింది. కుటుంబ నిర్బంధంలో తండ్రి పేరు, ఊరు, వీధి కలిపి రాస్తే బిడ్డ పేరు రాసినట్టే అవుతుందని ఈ తీర్పు వెలుగులో గుర్తుంచుకోవాలి. చిత్రంలోని పాత్రల పేర్లతో, నటుల ఫొటోలతో, దర్శకుడి ఎంపికల మీద రాస్తే ఏ ఇబ్బందీ ఉండదు. సమీక్షకు కావలసినదీ అంతే.

ఒక్కోసారి చిత్రం చూస్తున్నవారికి తమకు తెలిసిన ఇల్లొకటి గుర్తుకు రావచ్చు: ఎప్పుడూ బయటికి రాని కోడలు, బడి మానేశాక కనపడని పిల్లవాడు, తలుపు దగ్గరే మాట తుంచేసే ఇంటి పెద్ద. అప్పుడు స్వయంగా వెళ్లి నిలదీస్తే లోపలివారికే ప్రమాదం పెరుగుతుంది. అత్యవసరమైతే 112కు, మహిళల విషయంలో 181కు, పిల్లల విషయంలో 1098కు ఫోన్ చేయవచ్చు. ఎవరినైనా అక్రమంగా బంధించారని నమ్మడానికి కారణం ఉంటే, భారతీయ నాగరిక సురక్షా సంహిత 100వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ సోదా వారెంటు ఇవ్వవచ్చు, దొరికిన వ్యక్తిని వెంటనే తన ముందు హాజరుపరచమనవచ్చు. బంధువులు గాని శ్రేయోభిలాషులు గాని రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే బంధించిన వ్యక్తిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్, వేయవచ్చు. ఫిర్యాదు చేసేటప్పుడు అనుమానాన్ని కాకుండా చూసినదాన్ని, చూసిన తేదీని, ఆ వ్యక్తి చివరిసారి బయట ఎప్పుడు కనిపించారన్నదాన్ని రాసి ఇవ్వండి. కాగితం మీద తేదీలతో ఉన్న ఫిర్యాదును పక్కన పెట్టడం ఏ అధికారికైనా కష్టం.